పదిమంది పెదాలకీ ఒకే లిప్‌స్టిక్కా?

2023 జులై నెలాఖరులో మా సంస్థ నడిపే బ్యూటీషియన్ శిక్షణ కేంద్రాన్ని వారం రోజులు మూసెయ్యాల్సి వచ్చింది. ఆ వానాకాలంలో కండ్లకలక ఎంతగా వ్యాపించిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. స్కూళ్ళు, హాస్టళ్ళు, బస్తీలు, ఎక్కడ చూసినా ఎర్రబడ్డ కళ్ళే. మా కేంద్రంలో శిక్షణ తీసుకుంటున్న పద్ధెనిమిదిమందిలో సగంమందికి పైగా మంచాన పడ్డారు.

ఊరంతా కలక ఉన్నప్పుడు ఎవరి నుంచి ఎవరికి అంటుకుందో తేల్చడం కుదరదు. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. కానీ ఆ సోమవారం ఏం జరిగిందో మాత్రం నాకు తెలుసు. పెళ్ళికూతురి అలంకరణ మీద పాఠం. ఒక కాటుక పెన్సిలు, రెండు బ్రష్షులు, ఒక లిప్‌స్టిక్కు, ఒక స్పాంజి. వాటితోనే పద్ధెనిమిదిమంది ఒకరికొకరు వేసుకుని నేర్చుకోవాలి. ఒకమ్మాయి "అక్కా, నా కళ్ళు పొద్దుట్నించీ మంటగా ఉన్నాయి, నాకు పెట్టొద్దు" అంది. "ఏం కాదులే, ఊరికే గీత గీస్తారు, కూర్చో" అని నేర్పే ఆవిడ అంది. ఆ అమ్మాయి కూర్చుంది. ఆమె తర్వాత అదే పెన్సిలు మరో ఆరుగురి కళ్ళలోకి వెళ్ళింది.

ఆ అమ్మాయి పొద్దున రెండిళ్ళలో పనిచేసి మధ్యాహ్నం శిక్షణకి వచ్చేది. కలక తగ్గేదాకా రావద్దని ఒక ఇంటివాళ్ళు వారం జీతం కోసుకున్నారు. రెండో ఇంటివాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు. స్వయం ఉపాధి కోసం మా దగ్గరికి వచ్చిన మనిషికి ఉన్న ఉపాధిలో సగం పోయింది. నేర్పే ఆవిడ మీద నాకు కోపం వచ్చింది. ఆఫీసుకి వెళ్ళి ఫైలు తెరిచి చూస్తే, ఇంతమందికి ఒకే ఒక్క కిట్ చాలని రాసిన కొనుగోలు కాగితం మీద ఉన్న సంతకం నాదే.

అందుకే ఈ వ్యాసం.

ఇది రాస్తానంటే ఒక పాత మిత్రురాలు నవ్వింది. "అందాల పోటీల్ని వ్యతిరేకించి వీధుల్లోకి వచ్చినవాళ్ళం. ఇప్పుడు లిప్‌స్టిక్కు ఎలా ఎంచుకోవాలో మన పత్రికలో రాస్తావా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. 1996లో బెంగుళూరులో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పుడు మనలో చాలామంది గొంతు కలిపినవాళ్ళమే. తెల్లబడితేనే ఉద్యోగం, తెల్లబడితేనే పెళ్ళి అని చూపించిన టీవీ ప్రకటనల మీద ఐద్వా ఉద్యమం నడిపి 2003లో వాటిని ఆపించింది. ఆ విమర్శలో ఒక్క అక్షరం కూడా నేను వెనక్కి తీసుకోవడం లేదు. స్త్రీ ముఖాన్ని ముందు లోపంగా చూపించి, తర్వాత ఆ లోపానికి మందు అమ్మే వ్యాపారం ఇవాళ ఇంకా పెరిగింది తప్ప తగ్గలేదు.

అయితే ఒక సంగతి ఆలోచించండి. మనం వద్దన్నంత మాత్రాన స్త్రీలు కాటుక, బొట్టు, తలరంగు కొనడం మానలేదు. మానాలని శాసించే హక్కు మనకి లేదు కూడా. కొందరికి అది సరదా. కొందరికి ఉద్యోగ నిబంధన. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయినీ, విమానంలో పనిచేసే అమ్మాయినీ, బట్టల షాపులో నిలబడే అమ్మాయినీ "ముఖం నీట్‌గా ఉండాలి" అంటారు. మరికొందరికి అదే బతుకుతెరువు. వాళ్ళలో మనం శిక్షణ ఇచ్చి పంపినవాళ్ళు ఎందరో ఉన్నారు. సారా వద్దన్న ఉద్యమం కల్తీసారా తాగి చనిపోయినవాడి భార్య పక్కన నిలబడలేదా? ఇదీ అంతే. ఆ వ్యాపారాన్ని విమర్శిస్తూనే, దానివల్ల స్త్రీల కళ్ళకీ చర్మానికీ హాని జరగకుండా చూడమని అడగాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు.

ఎవరికి ఏ కౌంటరు?

హైదరాబాద్‌లో పెద్ద మాల్‌లోకి వెళ్తే అద్దాల బల్లల మీద లిప్‌స్టిక్కులు, పౌడర్లు, మస్కారాలు మూతలు తీసి వరసగా పెట్టి ఉంటాయి. వాటిని టెస్టర్లు అంటారు. కొనబోయేవాళ్ళు రంగు చూసుకోడానికి పెట్టిన నమూనాలు. వచ్చినవాళ్ళు తీసి చేతికి రాసుకుంటారు, కొందరు నేరుగా పెదాలకే రాసుకుంటారు, మళ్ళీ అక్కడే పెట్టేస్తారు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎంతమంది వేళ్ళు పడ్డాయో లెక్కుండదు.

కోఠిలోనో, సుల్తాన్‌బజార్‌లోనో, మండల కేంద్రంలో జరిగే వారపు సంతలోనో ఇంకో రకం పరిస్థితి. అక్కడ టెస్టరంటూ విడిగా ఉండదు. అమ్మే సరుకే టెస్టరు. "చూస్కోమ్మా" అని షాపువాడు కొత్త డబ్బాకే మూత తీసి చూపిస్తాడు. ఒకామె వేలితో తీసి రాసి చూసుకుని రంగు నచ్చలేదని వెళ్ళిపోతుంది. అదే డబ్బా మూత బిగించుకుని మరొకామె ఇంటికి చేరుతుంది. డబ్బులు పెట్టి కొన్నది కొత్తదో, పదిమంది ముట్టుకున్నదో ఆమెకి తెలిసే దారి లేదు.

చేతిలో డబ్బున్న ఆమెకి ఈ ఇబ్బంది తక్కువ. నచ్చకపోతే పారేసి ఇంకోటి కొనుక్కుంటుంది. నెలకోసారి చీటీ డబ్బుల్లోంచి మిగుల్చుకుని ఒక లిప్‌స్టిక్కు కొనుక్కునే ఆమె పరీక్షించకుండా కొనలేదు. కొన్నాక ముఖం మండినా పారెయ్యలేదు. అందుకే శుభ్రమైన పద్ధతిలో పరీక్షించి కొనుక్కునే అవకాశం అసలు కావలసింది ఆమెకే.

అందులో ఏముంటుంది?

ఇంగ్లండులోని ఆస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. జనం వాడుతున్న లిప్‌స్టిక్కులు, లిప్‌గ్లాసులు, ఐలైనర్లు, మస్కారాలు, స్పాంజిలు మొత్తం 467 తీసుకుని పరీక్షించారు. వాటిలో సుమారు 79 నుంచి 90 శాతం దాకా బాక్టీరియా కనపడింది. స్టెఫిలోకోకస్, ఇ-కోలి లాంటివి అందులో ఉన్నాయి. అన్నిటికంటే అధ్వాన్నం స్పాంజిలు. మిగతావాటిలో మిల్లీలీటరుకి వందల నుంచి వేల సంఖ్యలో బాక్టీరియా ఉంటే, తడిసి ఆరకుండా ఉండే ఈ స్పాంజిల్లో సగటున పదిలక్షలు దాటింది. స్పాంజిల్లో 93 శాతం ఒక్కసారి కూడా కడగనివి. ఇవన్నీ మనుషులు ఇంట్లో వాడుకునేవి. బజారులో తెరిచిపెట్టినవాటి సంగతి మీరే ఊహించుకోండి.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. బాక్టీరియా ఉన్నంత మాత్రాన ప్రతివాళ్ళకీ జబ్బు రాదు. ఆరోగ్యంగా ఉన్న చర్మం చాలావాటిని లోపలికి రానివ్వదు. చేతికి రాసి చూసుకుని కడిగేసుకుంటే పెద్దగా ప్రమాదం లేదు. పెదవి, కన్ను మాత్రం చర్మం లాంటివి కావు. వాటి మీది పొర పలచన, తడి ఎక్కువ. పెదవి చివర పుండు పెట్టే హెర్పిస్ వైరస్ ప్రపంచంలో సగంమందికి పైగా మనుషుల్లో ఉంటుంది. పుండు కనిపించని రోజుల్లో కూడా ఉమ్మిలో ఉండొచ్చు. అది ఎక్కువగా ఒకరి నుంచి ఒకరికి నేరుగానే సోకుతుంది. అయినా ఇప్పుడే ఒకరి పెదవి మీంచి వచ్చిన లిప్‌స్టిక్కుని వెంటనే మనం రాసుకుంటే దానికి దారి చూపించినట్టే. హెచ్‌ఐవి ఇలా రాదు. ఆ భయం ఎవరైనా పెడితే ఖండించండి.

అసలు జాగ్రత్త కంటి దగ్గర ఉండాలి. వాడిన మస్కారాలో పెరిగిన సూడోమొనాస్ బాక్టీరియా వల్ల నల్లగుడ్డు మీద పుండ్లు పడ్డ కేసుల్ని అమెరికా వైద్యులు 1977లోనే నమోదు చేశారు. మస్కారా పుల్ల కంటి రెప్పని తాకి మళ్ళీ తడిగా, చీకటిగా ఉండే ఆ గొట్టంలోకే వెళ్తుంది. బాక్టీరియా పెరగడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు.

మన ఇళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. మా అమ్మ సాయంత్రం దీపం వేళకి కాటుక భరిణె తీసి, ఒకే వేలితో వరసగా నలుగురం పిల్లలకీ పెట్టేది. అది ప్రేమే. ఆమెకి చెప్పినవాళ్ళు లేరు. ట్రకోమా అనే కంటిజబ్బు ఈ దేశంలో ఎన్నో వేలమంది చూపు తీసేసింది. అది పాకే దారుల్లో పంచుకున్న తుండుగుడ్డ, చేతులు, ఈగలతో పాటు సుర్మా పుల్లని కూడా వైద్య పుస్తకాలు లెక్కపెడతాయి. భారతదేశంలో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించింది. ముఖం కడుక్కోడానికి నీళ్ళు, మందులు, ఊరూరా తిరిగిన ఆరోగ్య కార్యకర్తల కష్టం కలిస్తే అది జరిగింది. ఇంత కష్టపడి ఒక జబ్బుని వెళ్ళగొట్టి, ఇంకో పేరుతో అదే పుల్లని పదిమంది కళ్ళలో పెట్టడమేమిటి?

రంగు చూడడం వేరు, పడుతుందో లేదో చూడడం వేరు

కౌంటరు దగ్గర రెండు నిమిషాల్లో తెలిసేది రంగు ఒక్కటే. మన ఒంటికి పడుతుందా లేదా అన్నది అక్కడ తెలియదు. ఈ రెండిటికీ తేడా చాలామందికి ఎవరూ చెప్పలేదు.

బొట్టుబిళ్ళ సంగతే తీసుకోండి. బిళ్ళ వెనక ఉండే జిగురులో పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటే, కొందరికి బిళ్ళ పెట్టుకునే చోట దురద మొదలై, తర్వాత చర్మం రంగు పోయి తెల్లమచ్చ పడుతుంది. మన దేశపు చర్మవైద్యులు 1980ల్లోనే దీని గురించి రాశారు. ఆ మచ్చ చూసి బొల్లి అని అమ్మాయి పెళ్ళి ఆగిపోయిన ఇళ్ళు మన పనిలో మనకి తగులుతూనే ఉంటాయి. బిళ్ళ తెచ్చిన మచ్చకి అమ్మాయి శిక్ష అనుభవిస్తుంది. దురద పుట్టిన రోజే ఆ బిళ్ళ మానెయ్యాలని, రాత్రి పడుకునేటప్పుడు బిళ్ళ తీసెయ్యాలని ఆమెకి ఒక్కరు చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో.

పడుతుందో లేదో చూసుకోడానికి చర్మవైద్యులు చెప్పే పద్ధతి తేలికే. మోచేతి మడత లోపలివైపు రూపాయి బిళ్ళంత మేర కొంచెం రాసి, రోజుకి రెండుసార్లు చొప్పున వారం, పదిరోజులు చూడాలి. ఎరుపు, దురద, పొక్కులు రాకపోతే ముఖానికి వాడుకోవచ్చు. దీనికి చిన్న శాంపిల్ ప్యాకెట్టు ఉండాలి. షాంపూని రూపాయి ప్యాకెట్టులో ఊరూరికీ చేర్చిన కంపెనీలు ముఖానికి రాసే క్రీముని నాలుగు రోజులకి సరిపడా ప్యాకెట్టులో ఎందుకు ఇవ్వలేవు? ఆ ప్యాకెట్లతో చెత్త పెరుగుతుందన్నది నిజమే. అయితే వాటిని తిరిగి సేకరించే బాధ్యత కూడా వాళ్ళదే కావాలి.

తలరంగు విషయంలో చట్టమే ఈ పరీక్షని అడుగుతోంది. పారాఫినైలీన్ డయమిన్ లాంటి రంగులున్న తలరంగు డబ్బా మీద, ఇది కొందరికి చర్మం మంట పుట్టించవచ్చని, ముందు పరీక్షించి చూసుకోవాలని, కనురెప్పలకీ కనుబొమలకీ వాడితే చూపు పోవచ్చని ఇంగ్లీషులోనూ స్థానిక భాషల్లోనూ రాయాలి. పరీక్ష ఎలా చెయ్యాలో కూడా లోపల రాసి ఇవ్వాలి. చెవి వెనకో, ముంజేతి లోపలివైపో కడిగి, కొంచెం రంగు రాసి, ఇరవైనాలుగు గంటలు ఆగాలి. ఇది ఒక్కసారి చేస్తే సరిపోదు, రంగు వేసుకునే ప్రతిసారీ చెయ్యాలి. అమెరికాలో 1930ల్లో ఇదే రసాయనంతో చేసిన కనురెప్పల రంగు వాడి స్త్రీలు చూపు పోగొట్టుకున్నారు. 1938లో అక్కడ వచ్చిన కఠినమైన చట్టానికి ఆ కళ్ళు కూడా ఒక కారణం. మన పార్లర్లలో ఎన్నిట్లో ఇరవైనాలుగు గంటల పరీక్ష చేస్తున్నారు? మనం నేర్పుతున్నామా?

ఇంకొకటి. పాదరసం, సీసం లాంటివి ఏ పరీక్షలోనూ చర్మం మీద తెలియవు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2014లో 32 ఫెయిర్‌నెస్ క్రీములు పరీక్షిస్తే 14టిలో పాదరసం దొరికింది. కేరళలో మలప్పురం జిల్లా వైద్యులు 2021–2023 మధ్య వచ్చిన కొన్ని కిడ్నీ కేసుల వెనక ఇలాంటి క్రీముల వాడకాన్ని గుర్తించారు. వాడిన కొద్దిరోజులకే ముఖం తెల్లగా మెరిసిందంటే అది మంచి సరుకని కాదు, అనుమానించాల్సిన సరుకని అర్థం. ఇక్కడ పనికొచ్చేవి డబ్బా మీది రాత, ప్రభుత్వ తనిఖీ. తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, ఏ తేదీలోగా వాడాలో, ఏమేం కలిపారో లేని డబ్బాని ఎంత చవకైనా ముట్టుకోవద్దు. బయటి దేశం సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.

ఎలా చూసుకోవాలి?

ఇదంతా విన్నాక మా అమ్మాయిలు అడిగిన ప్రశ్న ఒకటే: "మరి ఎలా చూసుకోవాలక్కా?" వాళ్ళతో కూర్చుని రాసుకున్నదే ఇక్కడ ఇస్తున్నాను. మీ సమావేశాల్లో చదివి వినిపించండి.

తెరిచి ఉన్న లిప్‌స్టిక్కుని పెదవికి తగిలించకూడదు. వేలి కొస రంగు పెదవి రంగుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ రాసి చూసుకుంటే చాలు. పై పొరని శుభ్రమైన కాగితంతో గట్టిగా తుడిచి, కొంచెం గీకేసి, లోపలి భాగాన్ని కొత్త దూదిపుల్లతో తీసుకోవాలి. 70 శాతం ఆల్కహాల్ చల్లి పూర్తిగా ఆరనిస్తే ఇంకా మంచిది.

దూదిపుల్లని ఒకసారి చర్మానికి తగిలించాక మళ్ళీ డబ్బాలో ముంచకూడదు. ఇంకొంచెం కావాలంటే ఇంకో పుల్ల. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం సమస్య తీరుతుంది.

పౌడరు, బుగ్గల రంగు లాంటివైతే పై పొర గీకేసి, కొత్త దూదితో తీసుకోవాలి. అక్కడ వేలాడదీసిన బ్రష్షునీ స్పాంజినీ ముట్టుకోవద్దు. ఫౌండేషన్‌కి మూత తీసే డబ్బా కంటే నొక్కితే వచ్చే సీసా నయం, వేళ్ళు లోపలికి వెళ్ళవు. దాన్ని చెయ్యి వెనక కాకుండా దవడ అంచున రాసుకుని, బయటి వెలుతురులోకి వచ్చి, కాసేపు ఆగి చూసుకోవాలి. ట్యూబులైటు కింద సరిపోయిన రంగు ఎండలో సరిపోదు.

కళ్ళకి సంబంధించినవేవీ కౌంటరు దగ్గర కంటికి పెట్టుకోవద్దు. కాటుక పెన్సిలుని చెక్కి, చెయ్యి మీద గీత గీసి నలుపు చూసుకుంటే చాలు. మస్కారాని ఏం చేసినా శుభ్రం చెయ్యలేం. కండ్లకలక తెచ్చే వైరసుల్లో కొన్ని ఆల్కహాల్‌కి తేలిగ్గా చావవు. అందుకే కంటి దగ్గర తుడుచుకుని వాడడం కాదు, అసలు పంచుకోకపోవడమే పద్ధతి.

పెదవి పగిలినా, ముఖం మీద పుండున్నా, కళ్ళు ఎర్రబడినా ఆరోజు పరీక్షించవద్దు. అది మన కోసమే కాదు, మన తర్వాత వచ్చే ఆమె కోసం కూడా. కొనేటప్పుడు సీలు విప్పని డబ్బా అడిగి తీసుకోవాలి. బిల్లు అడగాలి. ఈమధ్య ఫోన్‌లో మన ముఖం మీద రంగు వేసి చూపించే పద్ధతులు వచ్చాయి. వాటితో క్రిముల భయం లేదు కానీ, మన ముఖం ఫోటో ఎవరి చేతికి వెళ్తోందో, దాన్ని ఏం చేస్తారో చదివి ఒప్పుకోవాలి.

బల్లకి అవతల నిలబడ్డ అమ్మాయి

ఈ జాగ్రత్తలన్నీ చదివి కౌంటరులో అమ్మాయితో పోట్లాడకండి. ఆమెకి రోజూ ఇంత అమ్మాలని లెక్క ఉంటుంది. చాలాచోట్ల పొద్దుట్నించి రాత్రి దాకా నిలబడే ఉంటుంది. కూర్చునే హక్కు కోసం కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే స్త్రీలు పోరాడితే 2018లో చట్టం మారింది. తమిళనాడులో 2021లో మారింది. కొనేవాళ్ళకి చూపించడానికి ఈ అమ్మాయి తన ముంజేతి మీదే రోజూ పదిరకాల రంగులు గీసి, తుడిచి, మళ్ళీ గీస్తుంది. ఆ చెయ్యి దద్దుర్లెక్కితే వైద్యం ఎవరు చేయిస్తారు? దూదిపుల్లలు, ఆల్కహాల్, చేతులు కడుక్కోడానికి నీళ్ళు యాజమాన్యం ఇవ్వాలి. అవి లేవని ఆమెని నిందించడం తప్పు.

మరొక హెచ్చరిక మనకోసం మనం చేసుకోవాలి. శుభ్రత పేరు చెప్పగానే మన సమాజంలో అంటు, మైల వచ్చి పక్కన కూర్చుంటాయి. ఒక షాపులో నాతో వచ్చిన బస్తీ కార్యకర్తని "ఏమ్మా, ముట్టుకోకు" అన్న అమ్మాయే, నన్ను "మేడమ్, ట్రై చెయ్యండి" అంది. మా ఇద్దరి చేతులూ ఆ రోజు ఒకే బస్సు కమ్మీ పట్టుకుని వచ్చినవే. ట్రాన్స్‌జెండర్ స్త్రీలని ఈ కౌంటర్ల దగ్గరికే రానివ్వకపోవడం మనం చూస్తున్నాం. సేవల్లో, సరుకుల్లో వివక్ష చూపకూడదని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం చెప్తోంది. శుభ్రత నియమం మనిషిని చూసి మారకూడదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ కొత్త పుల్ల ఇస్తే, ఎవర్నీ ముట్టుకోవద్దని చెప్పాల్సిన అవసరమే రాదు.

చట్టం ఎక్కడుంది?

సౌందర్య సాధనాలు 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కిందికి వస్తాయి. 2020లో వీటికి విడిగా నియమాలు వచ్చాయి. తయారీకి లైసెన్సు కావాలి. దిగుమతికి రిజిస్ట్రేషన్ కావాలి. అమ్మడానికి మాత్రం విడిగా లైసెన్సు అక్కర్లేదు. ఆ నియమాల్లో ఫ్యాక్టరీ గురించీ, డబ్బా మీద రాతల గురించీ చాలా ఉంది. అమ్మే చోట తెరిచిపెట్టిన టెస్టర్ని ఎలా ఉంచాలి, ఎన్నాళ్ళకి మార్చాలి అన్న మాట నేను చదివినంతలో నాకు కనపడలేదు. ఫ్యాక్టరీ గేటు దాటగానే చట్టం ఆగిపోయింది. స్త్రీ చెయ్యి తగిలేది ఆ తర్వాతే.

అయినా మన చేతిలో ఏమీ లేదని కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం హానికరమైన సరుకుల నుంచి రక్షణ పొందే హక్కునీ, సరుకు గురించి తెలుసుకునే హక్కునీ గుర్తించింది. జాతీయ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు. వస్తువుకి చెల్లించిన ధర అయిదు లక్షల లోపుంటే ఫీజు కూడా లేదు. బిల్లు, డబ్బా, డాక్టరు రాసిచ్చిన కాగితం దాచుకోవాలి.

మనం అడగాల్సినవి నా దృష్టిలో ఇవి. టెస్టరు పెట్టే ప్రతి షాపూ, ఒకసారి వాడి పారేసే పుల్లల్నీ ఆల్కహాల్‌నీ ఉచితంగా ఉంచాలి. తెరిచిన తేదీ టెస్టరు మీద రాయాలి, గడువు దాటగానే తీసెయ్యాలి. కంటికి, పెదవికి నేరుగా పెట్టే టెస్టర్లు నిషేధించాలి. పరీక్షకి తెరిచిన డబ్బాని కొత్తదిగా అమ్మితే శిక్ష ఉండాలి. కంపెనీలు చిన్న శాంపిల్ ప్యాకెట్లు ఇవ్వాలి, జాగ్రత్తలు తెలుగులో పెద్ద అక్షరాల్లో రాయాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఫ్యాక్టరీలతో పాటు సంతల్లో సరుకు కూడా తీసి పరీక్షించాలి.

ముందు మన ఇల్లు

ప్రభుత్వాన్ని అడిగేముందు మన సంస్థల లోపలికి చూసుకుందాం. స్వయం ఉపాధి అనగానే కుట్టు మిషను, బ్యూటీ పార్లరు తప్ప మనకి వేరే ఊహ లేకపోవడం గురించి ఇంకెప్పుడైనా మాట్లాడుకోవాలి. ఇది చిన్న వృత్తి అని కూడా నేను అనను. సినిమా పరిశ్రమలో స్త్రీలు జుట్టు మాత్రమే దువ్వాలి, మేకప్ చెయ్యకూడదన్న సంఘం నిబంధనని సుప్రీంకోర్టు 2014 నవంబరులో కొట్టేసింది. ఆ హక్కు కోసం చారు ఖురానా అనే మేకప్ కళాకారిణి కోర్టుకెళ్ళాల్సి వచ్చింది. అలా గెలుచుకున్న వృత్తిని మనం నేర్పేటప్పుడు సరిగ్గా నేర్పాలి. ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న అంకె దాతలకి పంపే నివేదికలో ఉంటుంది. ఎన్ని దూదిపుల్లలు కొన్నామన్నది ఎవరూ అడగరు.

మా కేంద్రంలో ఇప్పుడు రంగుని డబ్బాలోంచి శుభ్రమైన ఐస్‌క్రీం పుల్లతో తీసి ఒక స్టీలు పళ్ళెంలో వేసుకుంటారు. అక్కడినుంచి మనిషికో దూదిపుల్లతో వాడతారు. పళ్ళేనికి తగిలిన పుల్ల మళ్ళీ డబ్బాలోకి వెళ్ళదు. బ్రష్షుల్ని రోజూ సబ్బు నీళ్ళతో కడిగి, తల కిందికి వేలాడదీసి ఆరబెడతారు. స్పాంజి ఎవరిది వాళ్ళదే. కాటుక ఎవరి పెన్సిలు వాళ్ళదే, మీద పేరు అంటించి ఉంటుంది. వీటన్నిటికీ అయిన అదనపు ఖర్చు మా నెలవారీ టీ ఖర్చు కంటే తక్కువ. ఇది మేం మొదటిరోజే చెయ్యగలిగిన పని.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఇంకోటుంది. "నాకు వద్దు" అని ఎవరైనా అంటే కారణం అడక్కుండా ఊరుకోవాలన్నది ఇప్పుడు నియమం. ఒంటి మీద హక్కు గురించి మనం పెద్ద పెద్ద సభల్లో మాట్లాడతాం. ఆ సోమవారం ఒక ఆడపిల్ల తన కంటి గురించి తను చెప్పిన మాట ఆడవాళ్ళమే వినలేదు.

ఆ అమ్మాయి శిక్షణ పూర్తి చేసింది. పోయిన పని మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు తన ఊళ్ళో ఇంటి ముందుగదిలో చిన్న పార్లరు నడుపుతోంది. ఈమధ్య వెళ్ళినప్పుడు చూశాను. అద్దం పక్కన గాజు సీసా నిండా దూదిపుల్లలు, గోడకి తన చేత్తో రాసి అంటించిన కాగితం: "కళ్ళు ఎర్రగా ఉన్నవాళ్ళు చెప్పండి. మరో రోజు రండి. డబ్బులు తీసుకోను." మా సంస్థ నుంచి ఏ పరిహారమూ ఇవ్వలేకపోయాం, కనీసం క్షమాపణ అయినా చెప్పాలని నోరు తెరిచాను. "కూర్చో అక్కా, కనుబొమలు తీస్తాను" అంది. కొత్త దారం కోసి తీసుకుంది.

మీ కేంద్రాల్లో కిట్లు ఎన్ని ఉన్నాయి, ఎంతమంది వాడుతున్నారు, ఏం మార్చారు, ఏం మార్చలేకపోయారు, ఎందుకు? పత్రికకి రాయండి. అవన్నీ కలిపి రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖలకీ, వినియోగదారుల వ్యవహారాల శాఖలకీ ఒక వినతిపత్రం ఇద్దాం.